అడుగు బుట్టలో ఉత్తరాలు

కంప్యూటర్ సర్వీసు పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నా దగ్గరికి వచ్చినప్పుడు, ఏ కోర్సు చదవాలో చెప్పమంటారు. నాకు కోర్సుల సంగతి తెలియదు. చిక్కబళ్ళాపురంలో ఇరవై ఏళ్ళకు పైగా టైప్‌రైటర్లు బాగుచేశాను. అవి ఒక్కొక్కటే బీరువాల వెనక్కి పోయాక, అదే సంచితో కంప్యూటర్ల దగ్గరికి మారాను. సంచిలో స్క్రూడ్రైవర్లు అవే, బ్రష్షు అదే. నూనె డబ్బా ఒక్కటి ఇంట్లో పెట్టేశాను.

నా దగ్గర ఉన్నవి డైరీలు. పదహారో ఏట మొదలుపెట్టాను. రోజుకు ఒక పేజీ, ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఏ ఊళ్ళో ఏ మెషీన్ విప్పానో, విప్పేముందు అది ఎలా ఉందో, మూసేటప్పుడు ఎలా ఉందో అందులో ఉంటుంది. టైప్‌రైటర్ విప్పేముందు మార్జిన్ ఎక్కడ పెట్టి ఉందో రాసుకునేవాణ్ణి. బాగుచేసి ఇచ్చేటప్పుడు మార్జిన్ మళ్ళీ అక్కడే ఉండాలి. అది ఆ గుమాస్తా చెయ్యి అలవాటు పడిన చోటు. దాన్ని కదిలించే హక్కు మెకానిక్‌కు లేదు.

ఈ చిన్న మర్యాదను నేను ఒకసారి మరిచిపోయాను. దాని గురించే ఎక్కువ రాస్తాను. మిగతాది మీరు పుస్తకాల్లో చదువుకోవచ్చు.

ఉత్తరాలు మెషీన్‌లోనే ఉండిన కాలం

ఇది రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళ మాట. ఇప్పుడు మీ మెయిళ్ళు ఎక్కడో దూరంగా ఉంటాయి. ఫోను మారినా, ఊరు మారినా మీ వెంటే వస్తాయి. అప్పుడు అలా కాదు. టెలిఫోన్ వైరులో నుంచి ఉత్తరం దిగి, బల్ల మీది కంప్యూటర్‌లో కూర్చునేది. దిగాక ఇంకెక్కడా ఉండేది కాదు. ఆ పెట్టె పాడైతే ఉత్తరం కూడా పోయినట్టే.

కాబట్టి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే ముందు, పాతదాంట్లోని ఉత్తరాలన్నీ బయటికి నకలు తీయాలి. డిస్క్ తుడిచి, కొత్తది ఎక్కించి, ఉత్తరాలు మళ్ళీ లోపల పెట్టాలి. వినడానికి ఇంటికి సున్నం వేసే ముందు సామాను వాకిట్లో పెట్టినట్టే ఉంటుంది. కానీ ఉత్తరాల సామాను కంటికి కనిపించదు. ఏది ఎక్కడ పెట్టారో ఆ ఇంటివాళ్ళకే తెలుసు. కొన్నిసార్లు వాళ్ళకూ తెలియదు.

నేను ఆ పని మీద చిక్కబళ్ళాపురం నుంచి చింతామణికి, బాగేపల్లికి బస్సుల్లో తిరిగేవాణ్ణి. పేరేసంద్ర దాటాక కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంటే, నిద్రా మెలకువా కాని ఒక స్థితి వచ్చేది. నిన్న తెరిచిన మెషీన్‌లోని అరలన్నీ గదుల్లా కనిపించేవి. ఒక గదిలో నుంచి ఇంకో గదిలోకి నడిచేవాణ్ణి. ప్రతి గదిలోనూ ఎవరో అప్పుడే లేచి వెళ్ళినట్టుండేది. కండక్టర్ బాగేపల్లి అని పిలిచేదాకా ఆ ఇళ్ళల్లోనే ఉండేవాణ్ణి.

చింతామణిలో మనుషులు రాలేదు

మొదటి పాఠం చింతామణిలో పట్టుదారం వ్యాపారి రంగయ్య శెట్టి దగ్గర. ఆయన అంగడిలో కొత్త డిస్క్ వేసి, ఉత్తరాలన్నీ ఎక్కించి, ఎన్ని ఉన్నాయో లెక్క సరిచూసి, గర్వంగా కుర్చీ ఆయనకు ఇచ్చాను. ఆయన ఒక వేలితో ఒక అక్షరం కొట్టి తెర వంక చూస్తూ కూర్చున్నారు. ఇంకో అక్షరం కొట్టారు. మళ్ళీ చూశారు.

"ఉత్తరాలన్నీ వచ్చినాయప్పా," అన్నారు. "మనుషులు యాడికి పోయిరి?"

నాకు అర్థం కాలేదు. ఆయన ఓపికగా చెప్పారు. "ఎస్ కొడితే సూరత్ ఆయన వస్తా ఉండె. బి కొడితే బనారస్ ఆయన. ఇప్పుడు ఏది కొట్టినా ఎవురూ పలకరు."

అడ్రసుల పుస్తకం ఉత్తరాలతో పాటు ఉండదు, వేరే చోట ఉంటుంది. నేను దాన్ని నకలు తీయలేదు. శెట్టిగారికి తన ఖాతాదారుల మెయిల్ అడ్రసులు ఒక్కటీ తెలియవు. ఆయనకు తెలిసింది మొదటి అక్షరం ఒక్కటే. అదృష్టం కొద్దీ పాత డిస్క్ సంచిలోనే ఉంది. దాన్ని తగిలించి, పుస్తకం తెచ్చి పెట్టాను. శెట్టిగారు ఎస్ కొట్టారు. సూరత్ ఆయన వచ్చారు. శెట్టిగారు తలుపు దగ్గరికి వచ్చిన మనిషిని చూసినట్టు కొంచెం ముందుకు వంగారు. ఆ వంగడం నాకు ఇప్పటికీ కళ్ళల్లో ఉంది.

మా యజమాని పట్టిక

నేను పనిచేసిన సర్వీసు అంగడి గురుప్రసాద్‌ది. నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు. పని నేర్పడంలో అతనంత శ్రద్ధ ఉన్నవాణ్ణి నేను చూడలేదు. చింతామణి సంగతి చెప్పగానే కూర్చుని ఒక పట్టిక టైపు చేశాడు. నకలు తీసేముందు చేయవలసినవి వరుసగా ఉన్నాయి అందులో. అడ్రసుల పుస్తకం ఎక్కింది. పాత డిస్క్ ఉంటే వారం దాచాలన్నది ఎక్కింది. నాలుగో వరుసలో, చెత్తబుట్ట ఖాళీ చేయాలి అని ఉంది. వాళ్ళు పారేసినవాటిని మనం మోయడం ఎందుకు అని.

దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి సంచికి కట్టుకున్నాను. అప్పట్నుంచీ ఏ మెషీన్ దగ్గర కూర్చున్నా ముందు పట్టిక చూసేవాణ్ణి, తరవాత మెషీన్ చూసేవాణ్ణి. మనిషిని చూడటం ఆ పట్టికలో లేదు.

గురుప్రసాద్‌కు ఒక లోపం ఉండేది. మన తప్పు ఖాతాదారుకు తెలియకూడదు అనేవాడు. తెలిస్తే నమ్మకం పోతుందని అతని భయం. ఆ భయం అబద్ధమని అనను. అంగడి నడిపేవాడికి ఉండే భయమే అది.

బాగేపల్లి గది

బాగేపల్లిలో బస్‌స్టాండ్ వెనక వీధిలో, పూలంగడి పక్కన ఒక చిన్న గది ఉండేది. అక్కడ నాగరత్నమ్మ పనిచేసేది. ఆ తాలూకులో చాలా బోరింగుల నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుంది. ఏళ్ళ తరబడి తాగితే పళ్ళ మీద గోధుమరంగు చారలు పడతాయి, వయసు రాకముందే మోకాళ్ళు బిగుస్తాయి. చూస్తే తెలియదు, రుచిలో తెలియదు. ఆమె ఊరూరూ తిరిగి, సీసాల్లో నీళ్ళు పట్టి, నంబరు వేసి, బెంగళూరులో ఒక ల్యాబుకు బస్సులో పంపేది. ల్యాబు నుంచి వరది మెయిల్లో వచ్చేది. రిపోర్టును అక్కడ అందరూ వరది అనే అంటారు. వరదిలో ఊరి పేరు ఉండదు, సీసా నంబరు ఉంటుంది, నీళ్ళు ఎలా ఉన్నాయో ఉంటుంది. ఏ నంబరు ఏ ఊరిదో ఆమె నోటుపుస్తకంలో ఉంటుంది. వరది రాగానే ఆమె రంగు డబ్బా, బ్రష్షు పట్టుకుని ఆ ఊరికి పోయేది. తాగగలిగిన నీళ్ళయితే బోరింగుకు నీలం గుర్తు, కాకపోతే ఎరుపు.

ఆమెకూ పళ్ళ మీద ఆ చారలున్నాయి. అలాంటి ఊళ్ళోనే పుట్టింది. నవ్వు వస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది.

ల్యాబువాళ్ళు పంపే కొత్త రకం వరదులు ఆమె పాత ప్రోగ్రాములో తెరుచుకోవడం లేదు. అందుకని కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి నన్ను పిలిచారు. నేను వెళ్ళేసరికి ఆమె సీసాల సంచి భుజానికి తగిలించుకుని వాకిట్లో ఉంది.

"నారాయణప్పా, నేను చేళూరు బస్సుకి పోవల్ల. నీ పని నువ్వు చేసుకో. బీగంచెవి పక్కన పూలంగడిలో ఇచ్చి పో."

అలాగేనమ్మా అన్నాను. ఆమె వెళ్ళిపోయింది. గది చల్లగా ఉంది. గోడ వెంబడి ఖాళీ సీసాలు బోర్లించి ఉన్నాయి. కిటికీలోంచి వచ్చే ఎండ వాటిలో నుంచి నడిచి గోడ మీద తెల్లటి వలయాలుగా కదులుతూ ఉంది. పక్క అంగడి నుంచి కనకాంబరాల తడి వాసన. ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ కలలాగే గుర్తుంది. అంత ప్రశాంతంగా నేను తప్పు ఇంకెప్పుడూ చేయలేదు.

ఆ మెషీన్ పాతది. సీడీ లేదు, ఫ్లాపీలే. డిస్క్ మార్చే పనీ లేదు, ఉన్నదాన్నే తుడిచి వాడాలి. నా దగ్గర ఫ్లాపీలు డజను ఉంటే అందులో రెండు చదవడం లేదు. ఉత్తరాలు చూస్తే పదికి మించిపోతున్నాయి. పట్టిక తీశాను. నాలుగో వరుస. ప్రోగ్రాములో ఎడమ పక్క అన్నిటికన్నా అడుగున చెత్తబుట్ట బొమ్మ ఉంది. తెరిచాను. నిండుగా ఉంది. అలవాటు కొద్దీ డైరీలో మొదటి ఉత్తరం పేరు, చివరి ఉత్తరం పేరు రాసుకున్నాను. చివరిది "నమూనా 117". వాచీ చూశాను. చిక్కబళ్ళాపురం బస్సుకు వేళవుతోంది. ఇంకో వరుస కిందికి చదవలేదు. ఖాళీ చేశాను. మిగిలినవి ఏడు ఫ్లాపీల్లో పట్టాయి.

డిస్క్ తుడిచి, కొత్తది ఎక్కించి, ఏడు ఫ్లాపీలూ లోపలికి తిప్పి, అడ్రసుల పుస్తకం సరిచూసి, గదికి తాళం వేసి, బీగంచెవి పూలంగడిలో ఇచ్చి, బస్సు అందుకున్నాను. పట్టికలో అన్ని వరుసలకూ టిక్కు ఉంది.

ఏవమ్మా ముగిసినవి?

ఆరో రోజు అంగడికి ఫోన్ వచ్చింది. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"అప్పా, ముగిసినవన్నీ యాడ పెట్టినావు?"

"ఏవమ్మా ముగిసినవి?"

"అడుగు బుట్టలో ఉండేవి. రంగు పూసొచ్చిన ఊళ్ళవి."

సంచిలోంచి డైరీ తీసి ఆ రోజు పేజీ తిప్పాను.

నాగరత్నమ్మ అంతకుముందు ఒక సొసైటీ కచేరిలో చాలా ఏళ్ళు గుమాస్తా. ఆ వైపు పాత కచేరీల్లో ప్రతి బల్ల కింద ఒక వెదురు బుట్ట ఉంటుంది. పని ముగిసిన కాగితం అందులో వేస్తారు. అది పారేసే బుట్ట కాదు. ఏడాది చివర బుట్ట బోర్లించి, వరుసగా పేర్చి, గుడ్డలో కట్ట కట్టి అటక ఎక్కిస్తారు. నేను అలాంటి కచేరీల్లో వందసార్లు టైప్‌రైటర్లు విప్పాను. ఆ బుట్టలు నా మోకాళ్ళకు తగిలేవి. తెర మీద బుట్ట బొమ్మ కనిపించినప్పుడు, ఆమెకు ఆ బుట్ట గుర్తొచ్చింది. నాకు పట్టిక గుర్తొచ్చింది.

తరవాత ఈ సంగతి మాట్లాడుకున్నప్పుడు ఆమె అన్నది, "పేరు ఇంగ్లీషులో ఏముంటే నాకేమప్పా. బల్లకింద బుట్ట ఉండాది. ముగిసిన కాగితం యాడికి పోతుంది మరి?"

తప్పు ఆమెది కాదు. ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేది. అడగడానికి ఆమె బస్సు సాయంత్రం తిరిగి వచ్చేదాకా ఆగాలి, అంతే.

వెతికి చూస్తానని మాత్రం ఆమెకు చెప్పి, ఆ డిస్క్ విప్పుకుని, పోయిన ఫైళ్ళు వెతికే ఒకాయన దగ్గరికి బెంగళూరు తీసుకుపోయాను. తుడిచిన చోట కొత్తది రాసేశాక ఏం మిగులుతుంది? సగం వరుసలు, తలలేని అంకెలు వచ్చాయి. ల్యాబులో పాత ఉద్యోగి మారిపోయాడు. కొత్తాయన పాత వరదులు వెతకలేనన్నాడు. మళ్ళీ సీసాలు పంపితే పది రోజుల్లో కొత్త వరది ఇస్తానన్నాడు.

గురుప్రసాద్‌కు చెప్పాను.

"వైరస్ అని చెప్పండి నారాయణప్పా. అందరూ నమ్ముతారు. వైరస్ ఏమన్నా వచ్చి కాదంటుందా?"

నాకు నవ్వు వచ్చింది, ఆ రోజు వచ్చిన ఒకే ఒక్క నవ్వు. అతను నన్ను కాపాడాలనే అన్నాడు. కానీ ఆ మాట చెబితే, ఆ రోజు పేజీలో నేను ఏం రాయాలి? వైరస్ అని రాస్తే అది నా డైరీ కాదు. నిజం రాసి అబద్ధం చెబితే, ఆ తరవాతి పేజీలు ఎవరివి? నలభై ఏళ్ళుగా రాస్తున్న పుస్తకాన్ని ఒక మధ్యాహ్నం కోసం రెండుగా చీల్చడం నాకు చేతకాలేదు. మర్నాడు ఉదయం బస్సుకు బాగేపల్లి వెళ్ళి, డిస్క్ మళ్ళీ బిగించి, ఆమె ఎదురుగా నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆమె తిట్టలేదు. నోటుపుస్తకం తీసి నూట పదిహేడు దగ్గర వేలు పెట్టింది.

"మిగతావాటికి రంగుండాది. దీనికి లేదప్పా," అన్నది. "దీనికి ఎరుపు పూసినాను. చెరిపేసినారు."

చౌడప్ప రంగు

నూట పదిహేడు చేళూరు దారిలో ఒక ఊరిది. ఊరి పేరు రాయను. శాలె అంటే అక్కడ బడి. దాని పక్కనే బోరింగు, దానికి ఎదురుగా చౌడప్ప టీ హోటలు. శాలె పిల్లలందరూ ఆ బోరింగు నీళ్ళే తాగుతారు. హోటల్లో టీ కూడా వాటితోనే. నాగరత్నమ్మ ఎరుపు గుర్తు వేసిన వారానికే, చౌడప్ప దాని మీద నీలం పూశాడు. ఎరుపు చూసి జనం హోటలుకు రావడం మానేశారని అతని బాధ. ఆమె వరది నకలు తెచ్చి చూపిస్తానని చెప్పి వచ్చింది. ఆ నకలు కోసమే అడుగు బుట్ట తెరిచి, నాకు ఫోన్ చేసింది.

ఇంకో సంగతి ఉంది. తాలూకు పంచాయితీలో ఆ నెలాఖరుకు ట్యాంకర్ నీళ్ళు పోసే ఊళ్ళ జాబితా రాస్తున్నారు. వరది ఉన్న ఊరికే ట్యాంకర్. వరది లేకపోతే ఆ పిల్లలు ఇంకో ఏడాది ఆ నీళ్ళే తాగాలి.

ఇద్దరమూ ఆ రోజే వెళ్ళాము. చౌడప్ప పెనం ముందు నిలబడి ఉన్నాడు. బక్కపలచటి మనిషి, మాట మెల్లగా.

"రంగు ఎవురైనా పూస్తారమ్మా," అన్నాడు. "నీకి ఎరుపు ఇష్టం. నాకి నీలం ఇష్టం. కాగితం చూపించు, ఎరుపు నేనే పూస్తా."

"కాగితం పోగొట్టింది నేనప్పా," అన్నాను. "ఆమె కాదు." డైరీ తీసి ఆ పేజీ చూపించాను. ఉత్తరం ఉండేదని కనీసం అదొక్కటైనా రుజువు.

చౌడప్ప చేతులు తుడుచుకుని పేజీని వెలుతురులోకి పట్టుకుని చదివాడు. "నూట పదిహేడు. నంబరు ఉండాది. నీళ్ళ సంగతి యాడ ఉండాది?"

"అంతదాకా చదవలేదు."

"ఎందుకు చదవలేదు?"

"బస్సుకు టైమయింది."

అతను డైరీ మూసి నా చేతిలో పెట్టాడు. "మా ఊరికి దినానికి నాలుగు బస్సులప్పా. అయినా మేము దేనికీ పరుగెత్తం."

అంతకన్నా గట్టిగా ఎవరూ నన్ను తిట్టలేదు.

ఆ పూటే శాలె మేష్టరును కలిశాము. వరది వచ్చేదాకా పిల్లలను ఊరి చివర తోపు పక్కనున్న బోరింగుకు పంపమని నాగరత్నమ్మ అడిగింది. దానికి ఆమె రెండేళ్ళ కింద పూసిన నీలం గుర్తు ఉంది. ఆయన ఒప్పుకుని, శాలె బోరింగు పిడికి తాడు కట్టించాడు. మేము రెండు బోరింగుల నీళ్ళూ పట్టాము. తోపు దగ్గరిది పట్టనవసరం లేదని ఆమె అన్నది. పోయినవన్నీ మళ్ళీ పట్టాలి కదా, వచ్చినప్పుడే పడదామని నేనే సీసా తీశాను. ముందు చాలాసేపు కొట్టి పాత నీళ్ళు పోనివ్వాలి. ఆ నీళ్ళతోనే సీసా రెండుసార్లు కడగాలి. అప్పుడు నింపి, పాత నంబరే వేయాలి. ఆమె చేసే పద్ధతి చూస్తుంటే, ఇంత నెమ్మదిగా పట్టిన దాన్ని అంత తొందరగా తుడిచేశానే అనిపించింది.

అక్కడి నుంచి ఆ వేసవి ఆదివారాలన్నీ నావి కావు. ఆమె నోటుపుస్తకం పట్టుకుని ముందు నడిచేది. నేను సీసాల సంచితో వెనక నడిచేవాణ్ణి. రాళ్ళ గుట్టల మధ్య దారుల్లో ఎండ తెల్లగా నిలబడి ఉండేది. ఎదుటి ఊరు దూరంగా నీళ్ళల్లో ఉన్నట్టు కనిపించి, దగ్గరికి పోయేసరికి పొడిగా ఉండేది. సంచిలో నిండిన సీసాలు అడుగడుగుకూ కదిలేవి. ఒక్కొక్క సీసా పోయిన ఒక్కొక్క ఉత్తరమని లెక్కపెట్టుకునేవాణ్ణి. మాటలు తక్కువ. ఒకసారి మాత్రం ఆమె, "నకలు అంటే ఇదేనా అప్పా?" అని అడిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

రెండు వరదులు

శాలె సీసా వరది, తోపు సీసా వరది పదో రోజున ఒకేసారి వచ్చాయి. నేను గదిలోనే ఉన్నాను. ఈసారి ఆమె కుర్చీలో, నేను వెనక నిలబడి. ప్రింటరు మెల్లగా మొదటిది దించింది. నూట పదిహేడు, తాగకూడదు. ఆమె తల ఊపింది. రెండోది దిగింది. ఆమె చదివింది. మళ్ళీ చదివింది. అది కూడా తాగకూడదు.

"ఆ నీలం నేనే పూసినాను," అన్నది.

రెండేళ్ళ కింద పూసినప్పుడు అది నిజమే. తరవాత వానలు తప్పాయి, చుట్టూ లోతు బోర్లు పడ్డాయి, నీళ్ళు కిందికి పోయాయి. కింది నీళ్ళు వేరు. పది రోజులుగా పిల్లలను మేము అక్కడికే పంపాము. అంతకుముందు రెండేళ్ళుగా తోపు వైపు ఇళ్ళవాళ్ళు ఆ నీలం గుర్తు నమ్మి తాగారు.

ఆమె చాలాసేపు తెర అడుగున ఉన్న బుట్ట బొమ్మను చూస్తూ కూర్చుంది.

"నువ్వు పోగొట్టకపోయింటే నేను మళ్ళా చూసేదాన్ని కాదు. ముగిసిందనుకుంటి." నా వైపు తిరిగింది. "అట్లని నీ తప్పు మంచిదయిందని డైరీలో రాసుకోవద్దప్పా."

"రాయనమ్మా."

రాయలేదు. ఆ పేజీ మీరు వచ్చి చూడవచ్చు. రెండు వరదులు వచ్చాయని, రెండూ తాగకూడదని మాత్రమే ఉంది.

రెండు కాగితాలూ పట్టుకుని ఆ మధ్యాహ్నమే వెళ్ళాము. చౌడప్ప రెండూ చదివాడు. ఆమె చేతిలోంచి బ్రష్షు తీసుకుని, తను పూసిన నీలం మీద ఎరుపు పూశాడు. తోపు దాకా నడిచి, ఆమె పూసిన నీలం మీద కూడా అతనే పూశాడు. కాగితాల నకళ్ళు ఒక జత అడిగి తీసుకున్నాడు. నెలాఖరు జాబితాలో ఆ ఊరు ఎక్కింది.

పట్టికకు నేను కలిపిన వరుస

గురుప్రసాద్ పట్టికలో నాలుగో వరుస కొట్టేసి, నేను చేత్తో వేరే వరుస రాశాను: ముగిసిన కాగితాలు ఎక్కడ పెడతారో అడగాలి. అతను చదివి, నవ్వి, దాన్ని టైపు చేయించి మొదటి వరుసగా పెట్టాడు. నా నిజం వల్ల అంగడికి పోయినదేమీ లేదని తరవాత అతనే ఒప్పుకున్నాడు.

ఈ ప్రశ్న అడగడం మొదలుపెట్టాక ఎన్ని జవాబులు విన్నానో. ఒకాయన ముఖ్యమైన ఉత్తరాలన్నీ తనకు తానే మళ్ళీ పంపుకునేవాడు. ఒకామె పంపకుండా ఆపిన ఉత్తరాల అరలో ఇంటి వంటల పద్ధతులు దాచుకునేది. మెషీన్‌లో అరలు చేసినవాళ్ళు ఒక ఇల్లు కట్టి ఇచ్చారు. లోపల కాపురం చేసేవాళ్ళు ఏ గదిలో వండుతారో, ఏ గదిలో పడుకుంటారో వాళ్ళ ఇష్టం. సామాను తీసేముందు తలుపు తట్టి అడగాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది నాకు నాగరత్నమ్మ దగ్గర తెలిసింది. మనం నకలు తీసేది నిన్నటిదాన్ని. అది చెడకుండా ఉంటే మన పని అయినట్టే. కానీ దాన్ని నమ్మి ఈ రోజు ఎవరైనా ఏదైనా తాగుతుంటే, అది నిన్నటిదని వాళ్ళకు చెప్పడం కూడా మన పనిలో భాగమే. ఆ తరవాత ఆమె ప్రతి వేసవిలో అన్ని ఊళ్ళ నీళ్ళూ మళ్ళీ పట్టేది. బుట్టలో ఏదీ వేయలేదు.

మేకు

పని మానేశాక ఒకసారి చేళూరు వైపు వెళ్ళవలసి వచ్చింది. ఆ ఊళ్ళో బస్సు దిగాను. బోరింగు ఎరుపు వెలిసి ఇటుక రంగుకు తిరిగింది, కానీ ఉంది. కుండ ఎత్తుకున్న ఒకావిడ దాన్ని చూడకుండానే దాటి, ట్యాంకరు నీళ్ళు నింపే ట్యాంకు వైపు పోయింది.

చౌడప్ప నన్ను గుర్తుపట్టి కుర్చీ జరిపాడు. హోటల్లో గోడకు ఒక మేకు ఉంది. దానికి కాగితాలు గుచ్చి ఉన్నాయి. ఏడాదికి రెండు, ఒకదాని మీద ఒకటి, ఆ రెండు బోరింగుల వరదులు. నాగరత్నమ్మ ఇప్పటికీ తెచ్చి ఇస్తుందట.

"మీ పెట్టెలో పోయినా ఈడ పోవు," అన్నాడు చౌడప్ప. "చూసుకో."

లేచి ఒక్కొక్క కాగితమే ఎత్తి చూశాను. అడుగున ఉన్నవి మేము తెచ్చిన మొదటి రెండూ. పొయ్యి పొగకు కాగితం టీ రంగుకు వచ్చింది. ప్రింటరు సిరా వెలిసి, అక్షరాలు ఉండీ లేనట్టున్నాయి. ఇంకో వేసవి గడిస్తే అవీ ఉండవు.

సంచిలోంచి డైరీ తీసి బల్ల మీద పెట్టుకున్నాను. నూట పదిహేడు అని రాశాను. ఈసారి కింది వరుస కూడా చదివి రాశాను, దాని కింది వరుస కూడా. చివరి అంకె దాకా, సంతకం దాకా. బయట చిక్కబళ్ళాపురం వైపు పోయే బస్సు వచ్చి నిలబడి హారన్ కొట్టింది. చౌడప్ప నా వైపు చూశాడు.

పోనీ అన్నాను. రెండో కాగితం ఇంకా ఉంది.